ఆకుపచ్చ గడి

నాగేంద్రబాబుకి తాను చూడాలనుకున్నది తప్ప మిగతావన్నీ కనిపిస్తాయి. ఎదుటి మనిషి మొహంలోకి చూస్తే చెవులు కనిపిస్తాయి, జుట్టు కనిపిస్తుంది, వెనక గోడ మీది క్యాలెండరు కనిపిస్తుంది. మొహం ఉండాల్సిన చోట తడివేలితో రుద్దినట్టు ఒక మసక. చూపు పక్కకి తిప్పితే మసక కూడా పక్కకి జరుగుతుంది, మొహం కాస్త బయటపడుతుంది. అయితే అది చూపు కొసన దొరికిన మొహం. అందులో కళ్ళున్నాయని తెలుస్తుంది కానీ అవి ఏమంటున్నాయో తెలియదు.

విజయవాడలో కంటి డాక్టరు పరీక్షలన్నీ చేసి నెమ్మదిగా చెప్పాడు. కంటి లోపలి పొరలో నడిమధ్యన ఉండే కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. "పక్క చూపు పోదండీ. నడవగలరు, తిరగగలరు. మొహాలూ అక్షరాలూ కష్టమవుతాయి. దీనికి మందు లేదు," అన్నాడు. తర్వాత, "ఏం చేస్తుంటారు మీరు?" అని అడిగాడు.

"వ్యాపారమండీ," అన్నాడు నాగేంద్ర.

గుడివాడ వచ్చే బస్సులో అతను జబ్బు గురించి కాక ఆ అబద్ధం గురించే ఆలోచించాడు. పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్నని చెప్పి ఉంటే డాక్టరు మొహంలో ఏదో మారి ఉండేది. ఆ మార్పు తనకి కనిపించేది కాదు. కనిపించని జాలి ఎదుట కూర్చోవటం అతనికి భయమేసింది.

ఆ సంగతి భార్య సరళకి చెప్పలేదు. కొత్త కెమేరా కొనటానికి వెళ్తున్నానని చెప్పి వెళ్ళాడు కాబట్టి, ఆ మాట నిలబెట్టుకోవటానికి మరుసటి వారం నిజంగానే కొన్నాడు. కొన్నాక అర్థమైంది, తనకి కావలసింది అదేనని.

పాత కెమేరాల్లో చూసే అద్దం నడుమ చిన్న గుండ్రం ఉండేది. ఫోకస్ కుదరనంతసేపూ ఆ గుండ్రంలో మొహం అడ్డంగా తెగి రెండు ముక్కలై, పైముక్క ఒక పక్కకీ కిందిముక్క ఇంకో పక్కకీ జరిగి ఉండేది. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పుకుంటూ పోతే రెండు ముక్కలూ దగ్గరికొచ్చి ఒకే ముక్కు, ఒకే నోరు అయ్యేవి. అప్పుడు నొక్కాలి. నాగేంద్ర ఇరవై ఏళ్ళ వయసులో ఆ విద్య అలాగే నేర్చుకున్నాడు. కొత్త కెమేరా లోపల చేసేదీ దాదాపు అదే. లెన్సు ఎడమ పక్క నుంచి వచ్చిన వెలుగునీ కుడి పక్క నుంచి వచ్చిన వెలుగునీ వేరువేరుగా చూసుకుంటుంది. రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడకపోతే ఎంత తేడా ఉంది, ఎటువైపు ఉంది అని లెక్కగట్టి లెన్సుని అంత మేరకు జరుపుతుంది. రెప్ప వేసేలోపు అయిపోతుంది. ఆపైన దానికి లక్షల మొహాలు చూపించి కన్నంటే ఏమిటో నేర్పారు. ఎంత గుంపులోనైనా కన్నుని ఏరుకుని, దాని చుట్టూ ఆకుపచ్చ గడి గీసి కుయ్‌మంటుంది.

నాగేంద్రకి ఆ కుయ్ చాలు. గడి ఎక్కడో పక్కన పచ్చగా కదిలితే చాలు. తన కంటికి అంచులు మిగిలాయి, యంత్రానికి నడిమధ్య తెలుసు. రెండూ కలిస్తే ఒక మనిషి చూపు అవుతుందనుకున్నాడు. రెండేళ్ళుగా అలాగే నెట్టుకొచ్చాడు. ఆల్బమ్‌లు వెళ్తున్నాయి, జనం బాగున్నాయంటున్నారు. ఎవరికీ తెలియలేదు. ఈ పని పోతే తనలో మిగిలేది ఎవరో అతనికి తెలియదు. ఆ మిగిలేవాడిని ఎప్పుడూ కలుసుకోకుండా ఉండటమే అతనికి కావాలి.

అక్క కూతురు లహరి పెళ్ళి కుదిరింది. లహరి బందరులో కాలేజీ లెక్చరరు. పెళ్ళికొడుకు విక్రమ్‌ది అవనిగడ్డ, రొయ్యల మేత వ్యాపారం. పెళ్ళికి ముందు ఇద్దరికీ ఫోటోలు తియ్యాలని నాగేంద్ర వాళ్ళని పొద్దున్నే హంసలదీవి తీసుకెళ్ళాడు. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఆ రోజు మంచు తప్ప ఇంకేమీ లేదు. నదీ లేదు, సముద్రమూ లేదు. కెమేరా లెన్సు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటోంది కానీ ఎక్కడా ఆగటం లేదు.

"అదేంటి మావయ్యా, దానికేమైనా పట్టిందా?" అంది లహరి.

"పట్టుకోటానికేమీ దొరకలేదమ్మా దానికి. ఏదో ఒక అంచు కావాలి. నలుపూ తెలుపూ కలిసే గీత. మంచులో గీతలుండవుగా. తెల్లగోడ చూపించినా ఇంతే."

"మరి మేమిద్దరం లేమాండీ ఇక్కడ?" అన్నాడు విక్రమ్.

"మీరూ కరిగిపోయారు బాబూ."

"అప్పుడేనా! పెళ్ళి అవనీ," అని నవ్వింది లహరి. నవ్వు వినిపించింది. నాగేంద్ర ఆమె జడ వైపు చూశాడు, మొహం కాస్తైనా కనిపిస్తుందని. పళ్ళు తెల్లగా మెరిసినట్టనిపించింది.

తిరిగి వస్తుంటే కారు విక్రమ్ నడుపుతున్నాడు. లహరి వెనక సీటు నుంచి ముందుకి వంగి అంది. "మావయ్యా, నాకొక్క ఫోటో కావాలి. జీలకర్ర బెల్లం పెట్టాక అడ్డుతెర దించుతారు చూడు, అప్పుడు నా మొహం. అదొక్కటీ నువ్వే తియ్యాలి. మిగతావి ఎవరు తీసినా ఫర్లేదు. మా ఫ్రెండ్ ఇంద్రజ పెళ్ళిలో సరిగ్గా ఆ ముక్కే పోయింది తెలుసా? ఇప్పటికీ ఏడుస్తుంది."

"తీస్తాలే."

"ప్రామిస్?"

"తీస్తానన్నానుగా!" విసుగ్గా అన్నాడు. ఆ విసుగు చూసి తనకే ఆశ్చర్యమేసింది. పిల్ల ఏమీ అనుకోలేదు. సీట్లో వెనక్కి వాలిన చప్పుడైంది.

పెళ్ళికి వారం ముందు పెడన వెళ్ళాడు. బావ దైవాధీనానిది కలంకారీ అద్దకాల పని. ఆ ఇంట్లో ఆడపిల్ల పెళ్ళికి అడ్డుతెర కొనరు. తండ్రే స్వయంగా అద్దుతాడు. అక్క పెళ్ళికి కూడా ఆ ఇంటి నుంచే తెచ్చిన తెరలో నడుమ పెద్ద తామరపువ్వు ఉండేది. ఇప్పుడు దైవాధీనం కొత్త తెరని షెడ్డులో పొడవాటి బల్ల మీద పరిచి, నాగేంద్ర భుజం పట్టుకుని దాని ముందు నిలబెట్టాడు.

"ఏం బావమరిదీ, ఎలా ఉంది?"

అంచుల్లో తీగలు కనిపించాయి. తీగల్లో చిలకలు కనిపించాయి. నడుమ చూసేసరికి మసక. చిలకల వైపు చూస్తే నడుమ ఏదో పెద్దది, నల్లటి గీతలతో. నెమలి అయి ఉంటుందనుకున్నాడు.

"మధ్యలో చూడరా. ఎప్పుడూ వేసేది కాదు. నేనే గీసి టేకు చెక్క మీద అచ్చు చెక్కించాను. ఆ నలుపు చూశావా? తుప్పు ఇనుము బెల్లం నీళ్ళలో నానేసి తీసింది. గుడ్డ చిరగాలి గానీ ఆ గీత చెరగదు."

"అద్భుతంగా ఉంది బావా."

"అంతేనా? ఫోటోలు తీసేవాడివి, ఓ మాట ఎక్కువ చెబితే నీ సొమ్మేం పోయింది?"

"గీత బలంగా ఉంది. ఎంత దూరం నుంచైనా పట్టేస్తుంది."

"అదీ!" అని మురిసిపోయాడు దైవాధీనం.

ఇదేం బొమ్మ బావా అని అడిగితే ఒక్క మాటలో తేలిపోయేది. కానీ దాచుకునే మనిషికి అడగటం అలవాటు పోతుంది. ఊహిస్తాడు. ఊహించినది కాసేపటికి గట్టిపడి చూసిన దానిలాగే ఉంటుంది. షెడ్డులోంచి బయటికొచ్చేసరికి నాగేంద్ర ఆ తెర మీద నెమలిని చూశాడు.

వరండాలో అక్క కనకమహాలక్ష్మి పట్టుకుంది. "ఒరే తమ్ముడూ, మేనమామవి. పిల్లని బుట్టలో కూచోబెట్టి మండపానికి మోసుకురావాలి నువ్వు. మెడలో ఆ కెమేరా ఏంట్రా డోలులాగ? ఇంకెవడికైనా అప్పజెప్పు. బందరులో ఫోటోగ్రాఫర్లే లేనట్టు."

"ఆ ఫోటో నేనే తియ్యాలంది లహరి."

"అది చిన్నపిల్ల, ఏదో అంటుంది. నేను సర్దిచెబుతాలే. హాయిగా పంచె కట్టుకుని పీటల దగ్గర కూచో."

తలుపు తెరిచి పెట్టినట్టే ఉంది. ఎవరూ వేలెత్తి చూపరు. మేనమామ కాబట్టి మానుకున్నాడంటారు, అంతే. నాగేంద్ర ఆ తలుపు ముందు కాసేపు నిలబడ్డాడు. ఒక్కసారి కెమేరా ఇంకొకరి చేతికిస్తే మళ్ళీ అడిగి తీసుకునే ధైర్యం తనకి రాదని తెలుసు.

"రెండూ చేస్తాలే అక్కా," అన్నాడు.

ముహూర్తం పొద్దున పదిన్నర తర్వాత. బందరులో ఫంక్షన్ హాలు. బుట్ట ఒక పక్క నాగేంద్ర పట్టుకున్నాడు, రెండో పక్క బంధువులు పట్టుకున్నారు.

"మావయ్యా, పడేస్తావా ఏంటి?" గొంతు తగ్గించి అంది లహరి.

"బందరు లడ్లు తగ్గించవే అంటే విన్నావా?"

"నీ నడుం అయిపోయిందని చెప్పు, నా లడ్ల మీద పడతావేంటి?"

ఆమె మొహం అతని మొహానికి మూరెడు దూరంలో ఉంది. నుదుటి మీద బాసికం అంచు, చెవికి జుంకా, భుజం మీద పూలజడ కనిపించాయి. ఆ మూడింటి మధ్య ఏమీ లేదు. తను ఎత్తుకుని పెంచిన పిల్లని ఏమీ లేనిదానిలాగ మోసుకెళ్తున్నానని అనిపించి, అడుగులు జాగ్రత్తగా వేశాడు.

బుట్ట దించగానే కెమేరా అందుకుని పెళ్ళికొడుకు వెనక్కి వెళ్ళాడు. అక్కడి నుంచైతే తెర దిగగానే విక్రమ్ భుజం మీదుగా లహరి మొహం నేరుగా వస్తుంది. వెలుగు తక్కువ కాబట్టి లెన్సు పూర్తిగా తెరిచాడు. అలా తెరిస్తే ఫోకస్ పడిన చోటు ఒక్కటే స్పష్టంగా ఉంటుంది, దానికి మూరెడు ముందూ వెనకా అంతా కరిగిపోతుంది. ఒకప్పుడు దాని కోసమే జనం అతన్ని పిలిచేవారు.

వీడియో తీసే సత్తిబాబు పక్కనే ఉన్నాడు. ఏళ్ళుగా నాగేంద్రతోనే పని చేస్తున్నాడు. "గురూగారూ, ఆ కుయ్‌కుయ్ ఆపరూ? నా ఆడియోలో మంత్రాల మధ్య పిచ్చుక కూచున్నట్టుంటోంది."

"పాటేసి ముయ్యవయ్యా."

ఇద్దరు బంధువులు అడ్డుతెర చెరో కొస పట్టుకుని పైకెత్తారు. తెర నిండుగా నాగేంద్ర ఎదురుగా నిలిచింది. కెమేరా వెంటనే కుయ్‌మంది. తెర ఇంకా దిగలేదు. అయినా గడి వచ్చింది. పిల్ల మొహం తెర పైనుంచి కనిపిస్తోందేమో అనుకున్నాడు. దొరికింది, అది చాలు.

పురోహితుడు చెయ్యెత్తాడు. గట్టిమేళం మోగింది. ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. తెర నెమ్మదిగా దిగింది. ఆకుపచ్చ గడి కూడా దానితో పాటే కిందికి దిగింది. సిగ్గుతో తల వంచుకుంటోంది అనుకున్నాడు నాగేంద్ర. పెళ్ళికూతుళ్ళు వంచుకుంటారు. గడి వదల్లేదు, అతను వేలు తియ్యలేదు. అక్షతలు పడుతున్నా, జనం తోసుకొస్తున్నా, గడి ఆ కంటినే అంటిపెట్టుకుని ఉంది. ఈ రెండేళ్ళలో దాన్ని అంత నమ్మిన క్షణం ఇంకొకటి లేదు.

పెళ్ళి హడావుడి తగ్గాక ఒక మధ్యాహ్నం గుడివాడ స్టూడియోలో సరళ కంప్యూటరు ముందు కూచుంది. ఆల్బమ్‌కి ఫోటోలు ఏరటం మొదట్నుంచీ ఆమె పనే. వేలికొసతో నొక్కుకుంటూ, ఉంచేవి ఉంచుతూ, తీసేసేవి తీసేస్తూ పోతుంది. నాగేంద్ర వెనక కుర్చీలో కూచున్నాడు.

"ఇదిగో, తెర దించినప్పటిది. ఎంత బాగా వచ్చిందో చూడండి లహరి."

"కళ్ళు?"

"కళ్ళే బాగున్నాయి."

ఆమె గొంతు మామూలుగానే ఉంది. చాలా మామూలుగా ఉంది. నాగేంద్ర ముందుకి వంగి కీబోర్డు మీద ఒక మీట తడిమి నొక్కాడు. ఫోటో తీసినప్పుడు ఫోకస్ ఎక్కడ పడిందో ఆ గడి కంప్యూటరు తెర మీద కనిపిస్తుంది. అతను కిటికీ వైపు చూశాడు, కంప్యూటరు చూపు అంచుకి వచ్చేలాగ. గడి కనిపించింది. ఫోటోలో బాగా కిందికి ఉంది. జుంకాల మెరుపు దానికి చాలా పైన ఉంది.

"సరళా, అడ్డుతెర మీద ఏముంది?"

"సీతమ్మ మొహం కదండీ. ఇంతింత కళ్ళు. పెళ్ళిలో అందరూ మీ బావగారి పనితనం గురించే..." మాట మధ్యలో ఆగిపోయింది. ఫ్యాను తిరుగుతోంది.

"గడి దాని మీదుందా?"

"ఊఁ."

"లహరి?"

"వెనకాల ఉంది."

"ఎలా ఉంది?"

"కొంచెం మెత్తగా, మసగ్గా."

"మొహం తెలుస్తోందా?"

సరళ కాసేపు చూసింది. "మనకి తెలిసిన పిల్ల కాబట్టి తెలుస్తోంది."

"తర్వాతవి చూడు."

ఆమె నొక్కుతూ పోయింది. ప్రతి నొక్కుకీ అతను ఆగి విన్నాడు. చివరికి ఆమె చెయ్యి ఆగింది. "అన్నీ అంతేనండీ. తెర కిందికి పోతుంటే దాని వెంటే పోయింది."

తప్పు యంత్రానిది కాదు. కన్ను వెతకమన్నారు, వెతికింది. దగ్గరున్న కన్ను, పెద్ద కన్ను, తుప్పు నలుపుతో గట్టిగా గీసిన కన్ను. ప్రాణం ఉందా లేదా అని చూడమని దానికెవరూ చెప్పలేదు. అది చూడాల్సినవాడు దాని వెనకే నిలబడి ఉన్నాడు.

"నీకెప్పట్నుంచి తెలుసు?" అన్నాడు.

తెలియదని అంటుందేమో అనుకున్నాడు. ఆమె కుర్చీ ఇటు తిరిగిన చప్పుడైంది.

"ఈ కెమేరా కొన్న కొత్తలో ముదినేపల్లిలో ఓణీల ఫంక్షన్ చేశారే, అప్పట్నుంచి. స్టేజీ మీద పిల్ల ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ పెట్టారు గుర్తుందా? సగం ఫోటోల్లో ఫోకస్ ఫ్లెక్సీ మొహం మీదే పడింది. మీరు చూసి కూడా ఏమీ అనలేదు. బాగున్నాయి వెయ్యమన్నారు."

"మరి ఆల్బమ్ వెళ్ళిందిగా. వాళ్ళు బాగుందన్నారుగా."

"పాడైనవి తీసేసి, సత్తిబాబు వీడియోలోంచి ముక్కలు తీసి వేశాను."

"సత్తిబాబుకి తెలుసా?"

"ముందు నాకు చెప్పింది అతనే. గురూగారు మనిషిని చూసి మాట్లాడటం లేదమ్మా, పక్కకి చూసి మాట్లాడుతున్నారు అని." సరళ గొంతు సవరించుకుంది. "అప్పట్నుంచీ ప్రతి పెళ్ళిలోనూ మీ పక్కనే నిలబడి తీస్తున్నాడు. మీవి రాకపోతే పనికొస్తాయని."

తన కన్ను సగం, యంత్రం సగం అనుకున్నాడు నాగేంద్ర. ఆ లెక్క మీద రెండేళ్ళు తలెత్తుకుని తిరిగాడు. ఆ రెండేళ్ళూ ఇద్దరు మనుషులు తన వెనక నడుస్తూ, తను వదిలేసినవి ఏరుతూ వచ్చారు. బాగున్నాయని జనం అన్న ఫోటోల్లో తనవి ఏవో, ఇక ఎప్పటికీ తెలియదు. ఎవరినడిగినా అన్నీ మీవేనంటారు.

"డాక్టరుకి చూపించుకుందామండీ," అంది సరళ.

"చూపించుకున్నాను."

"ఏమన్నాడు?"

చెప్పాడు. ఆమె కంప్యూటరు కట్టేసింది.

సాయంత్రం లహరి అవనిగడ్డ నుంచి ఫోన్ చేసింది. సరళ స్పీకరు నొక్కింది. "మావయ్యా, నా ఫోటో వచ్చిందా?"

సరళ నోరు తెరవబోతుంటే నాగేంద్ర చెయ్యి అడ్డుపెట్టాడు. "రాలేదమ్మా. తెర మీది బొమ్మ పడింది. నువ్వు పడలేదు."

అవతల ఎవరో గిన్నెలు సర్దుతున్నారు. ఆ చప్పుడు కాసేపు వినిపించింది.

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా."

"ఓ." తర్వాత గొంతు ఒక్కసారిగా తేలికైంది. "ఫర్లేదులే మావయ్యా. నాన్న బొమ్మ పడిందిగా, నాన్న మురిసిపోతాడు. ఫ్రేము కట్టిద్దాం. అత్తయ్య ఉందా? ఓసారి ఇవ్వవా?"

సరళ స్పీకరు ఆపి ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళింది. మాటలు తెలియలేదు. "అవునమ్మా", "నేను చూసుకుంటాలే" అన్నవి మాత్రం తెలిశాయి. అవతల పిల్ల ఏడుస్తోందో, లేక నిజంగానే ఫర్లేదనుకుందో అతనికి తెలియలేదు. మొహం కనిపిస్తే తెలిసేది అనుకున్నాడు. ఎదురుగా ఉన్నా తనకి కనిపించేది కాదు కూడా అనుకున్నాడు.

సరళ తిరిగొచ్చి కిటికీ పక్కన నిలబడింది. "గుడ్లవల్లేరు పెళ్ళికి ఒప్పుకున్నాం కదండీ. సత్తిబాబుని వెళ్ళమంటాను. మీకు జ్వరమని చెప్దాం."

"ఆ తర్వాత దానికి?"

"అప్పుడు చూద్దాం."

"సరళా, ఒకటి అడుగుతాను. నిజం చెప్పు."

"అడగండి."

"ఇప్పుడు ఏడుస్తున్నావా?"

అతను ఆమె పక్కనున్న కిటికీ ఊచల వైపు చూశాడు. ఆమె మొహం అంచుకి వచ్చింది. వెనక నుంచి వెలుగు పడుతోంది, మొహమంతా చీకటిగా ఉంది. దానిలో ఒక్క గీత కూడా లేదు.

"లేదండీ," అంది సరళ. "ఏడుపెందుకు? నవ్వుతున్నాను. మీ అక్కగారికి ఈ సంగతి చెబితే చేసే గోల తలుచుకుని."

గొంతు స్థిరంగా ఉంది. నాగేంద్ర చెయ్యి లేచింది. వేళ్ళతో ఆమె చెంప తాకితే తడి ఉందో లేదో తెలిసిపోతుంది. ఇవాళ తాకి చూస్తే రేపూ తాకి చూడాలి, ఎల్లుండీ తాకి చూడాలి, ఆమె చెప్పిన ప్రతి మాటనీ వేళ్ళతో తడిమి చూడాలి. లేచిన చేతిని కుర్చీ చేతి మీద పెట్టుకున్నాడు.

"అలాగా," అన్నాడు.